చోరీ అయిన తుపాకీ దొరికిందా? కోర్టు ఉత్తర్వు ఉంటేనే చేతికి
దేవరకొండ: ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్‌ జిల్లాల్లో పంట రక్షణకో, ఆత్మరక్షణకో లైసెన్సుపై తుపాకీ ఉంచుకున్నవారు, అది చోరీకి గురైతే ఆ సంగతిని దాచరాదు. వెంటనే సమీప ఠాణాలో ఫిర్యాదు చేయాలన్నది లైసెన్సు షరతు. తుపాకీ, లైసెన్సు నంబర్లు రాసిచ్చి ఎఫ్‌ఐఆర్‌ ప్రతిని ఉచితంగా పొందాలి.

దొంగ పట్టుబడి తుపాకీ దొరికినా అది కేసులో సాక్ష్యమే. కాబట్టి యజమాని మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు చేసుకోవాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్‌ సురక్షా సంహితలోని 497, 503 సెక్షన్లు ఇందుకు వర్తిస్తాయి. స్వాధీనం చేసుకున్న వస్తువులను ఠాణాల్లో దీర్ఘకాలం ఉంచరాదని, పంచనామా, ఫొటోలు, పూచీకత్తు తీసుకుని అప్పగించవచ్చని సుందర్‌భాయ్‌ అంబాలాల్‌ దేశాయ్‌ కేసులో సుప్రీంకోర్టు 2002లో స్పష్టం చేసింది. అయితే ఆ తుపాకీతో నేరం జరిగి ఉంటే ఫోరెన్సిక్‌ పరీక్ష పూర్తయ్యేవరకు వేచి ఉండక తప్పదు.

చాలామంది మరిచేది లైసెన్సు గడువు. 2019 సవరణ ప్రకారం అది 5 ఏళ్లు. తుపాకీ ఠాణాలోనే ఉంది కదా అని రెన్యువల్‌ చేయించకుంటే చిక్కే. చెల్లుబాటయ్యే లైసెన్సు లేకుండా ఆయుధాన్ని దగ్గర ఉంచుకోవడం నేరం. అందువల్ల దరఖాస్తుకు ముందే లైసెన్సు గడువును సరిచూసుకోవాలి.