నిగనిగల టైరు... నిజమెంత?

కారుని ఎంత తోమినా టైర్లు వెలిసిపోయి ఉంటే అందమే రాదు. అలాగని మెరుపు కోసం ఏది పడితే అది పూస్తే మొదటికే మోసం. ఇంతకీ టైరుకి ఏం పూయాలి? ఎక్కడ పూయకూడదు?

కారు కొన్నరోజు నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెడతారు. పసుపూ కుంకుమా అద్ది, కొబ్బరికాయ కొట్టి, వాటిని తొక్కిస్తూ బండిని ముందుకు పోనిస్తారు. టైరుకి దక్కే మర్యాద అక్కడితో సరి! ఆ తరవాత ఆదివారం ఆదివారం అపార్ట్‌మెంటు సెల్లారులో జరిగే అభిషేకమంతా బానెట్‌కీ అద్దాలకే. ఆఖర్న బకెట్లో మిగిలిన మురికినీళ్లు టైర్ల మీద కుమ్మరించేస్తారు. కొన్నాళ్లు తిరిగేసరికి అవి కాస్తా బూడిదరంగుకో మట్టిరంగుకో వచ్చేస్తాయి. పట్టుచీర కట్టుకుని కాళ్లకు పాత హవాయి చెప్పులేసుకున్నట్టు ఉంటుంది కారు.

అప్పుడు గుర్తొస్తుంది టైరు పాలిష్. దుకాణానికి వెళితే అరల నిండా సీసాలే... స్ప్రేలూ, జెల్‌లూ, నురగలూ, పాలలాంటి ద్రవాలూ. అన్నిటి మీదా నల్లగా మెరిసిపోయే టైరు బొమ్మే. మరి వాటిలో ఏది మంచిది?

ఎందుకీ రంగు?

రబ్బరు చెట్టు నుంచి కారే పాలు తెల్లగానే ఉంటాయి. తొలినాటి టైర్లూ లేతరంగులోనే ఉండేవి. 20వ శతాబ్దం తొలి దశకాల్లో రబ్బరులో కార్బన్ బ్లాక్ అనే మెత్తటి మసిపొడి కలపడం మొదలయ్యాకే అవి నల్లబడ్డాయి. ఆ నలుపు సోకు కోసం కాదు. మసి కలిస్తే రబ్బరు గట్టిపడుతుంది, త్వరగా అరగదు, ఎండలోని అతినీలలోహిత కిరణాలకు తట్టుకుంటుంది.

ఎండ ఒక్కటే కాదు, గాల్లోని ఓజోన్ కూడా టైరుకి శత్రువే. అది రబ్బరుని సన్నసన్నగా చీలుస్తుంది. దాన్ని అడ్డుకోవడానికి తయారీలోనే కొన్ని రక్షక రసాయనాలూ మైనమూ కలుపుతారు. చక్రం తిరుగుతూ రబ్బరు నలిగేకొద్దీ అవి కొంచెం కొంచెంగా పైకి ఊరి, ఉపరితలం మీద పొరలా నిలుస్తాయి. గాలి తగిలి గోధుమరంగుకి మారతాయి. అంటే, మురికి అనుకుని మనం విసుక్కునే ఆ మట్టిరంగులో టైరు తనను తాను కాపాడుకునే ఏర్పాటూ ఉందన్నమాట! దానికి రోడ్డు దుమ్మూ, బ్రేకుల నుంచి రాలే పొడీ తోడై టైరు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది.

పాలా... నూనా?

సీసా మీద పేరు ఏదైనా లోపల ఉండేది ప్రధానంగా రెండు రకాలు. ఒకటి నీళ్లతో చేసింది... వాటర్ బేస్డ్. సాధారణంగా పాలలా తెల్లగా ఉంటుంది. పూశాక ఆరిపోయి, కొత్త టైరుకి ఉండే సహజమైన నలుపునిస్తుంది. జిడ్డు తక్కువ. నాలుగు వానలు పడితే పోతుంది, మళ్లీ పూయాలి. అదొక్కటే లోటు.

రెండోది సాల్వెంట్ బేస్డ్. నూనెలా చిక్కగా, పారదర్శకంగా ఉంటుంది. తడిసినట్టు తళతళా మెరుస్తుంది, ఎక్కువ రోజులు నిలుస్తుంది. చూడ్డానికి ఇదే బాగున్నట్టు అనిపిస్తుంది కానీ చిక్కంతా ఇక్కడే. జిడ్డుకి దుమ్ము అతుక్కుంటుంది. బండి వేగం అందుకోగానే ఆ జిడ్డు చిమ్మి తలుపుల మీద చుక్కలు చుక్కలుగా పడుతుంది. మెరుపునిచ్చే సిలికోన్‌తో రబ్బరుకి పెద్దగా భయం లేదు. దాన్ని మోసుకొచ్చే పెట్రోలియం ద్రావకాలతోనే జాగ్రత్త. తరచూ పూస్తుంటే టైరులోని మైనం పొరను కరిగించి రబ్బరుని ఎండబెట్టే ప్రమాదం ఉంది.

త్రీఎమ్, టర్టిల్ వ్యాక్స్, మెగ్వైర్స్, వేవెక్స్... మన మార్కెట్లో దొరికే కంపెనీలు చాలానే ఉన్నాయి. ఒకే కంపెనీ రకరకాల సరుకులు అమ్ముతుంది కాబట్టి చూడాల్సింది పేరు కాదు, లేబులు. వాటర్ బేస్డ్ అని ఉందా? పెట్రోలియం డిస్టిలేట్స్ లాంటి మాటలు కనిపిస్తున్నాయా? ఆ రెండూ చదివితే సగం పని అయిపోయినట్టే. మన ఎండలకీ దుమ్ముకీ ఆరిపోయే రకమే నయం. ఇంట్లో పూసుకునేవాళ్లకి స్ప్రే కన్నా స్పాంజితో రాసే ద్రవమో జెల్లో మేలు. స్ప్రే తుంపర బ్రేకు డిస్కు మీద పడితే బ్రేకు పట్టు తగ్గుతుంది.

డీజిల్ వైద్యం వద్దు

వాటర్ సర్వీసింగ్‌కి ఇస్తే కొన్నిచోట్ల ఆఖర్న టైర్ల మీద డీజిలో, వాడేసిన ఇంజిన్ ఆయిలో కొడుతుంటారు. ఇంటికొచ్చేసరికి టైర్లు నిగనిగలాడుతుంటాయి. యజమానికి ఆనందమే ఆనందం! కానీ టైర్లలో వాడే రబ్బరు పెట్రోలియం నూనెల్ని పీల్చుకుని ఉబ్బుతుంది, మెత్తబడి బలం కోల్పోతుంది. రెండ్రోజుల మెరుపు కోసం ఆ నష్టం అవసరమా? తాళాలు ఇచ్చేటప్పుడే ‘టైర్లకి డీజిల్ కొట్టొద్దు’ అని చెప్పేయండి. కిరసనాయిలూ అంతే. కొబ్బరినూనె రాస్తే దుమ్ముని పిలిచి కూర్చోబెట్టినట్టే.

ముందు స్నానం... తరవాతే సింగారం

మురికి మీద పూసిన పాలిష్ నిలవదు. బండి నీడలో ఉండాలి, టైరు చల్లారి ఉండాలి. కారు షాంపూ కలిపిన నీళ్లతో, గట్టి పీచు బ్రష్‌తో పక్క భాగాన్ని రుద్ది కడగాలి. ఆ బ్రష్షూ బకెట్టూ టైర్లకే ప్రత్యేకం. వాటినే బాడీకి వాడితే ఇసుక రేణువులు పెయింటుని గీకేస్తాయి. నురగ తెల్లగా వచ్చేదాకా కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. తరవాత స్పాంజి మీద కొద్దిగా పాలిష్ వేసుకుని పల్చగా రాయాలి. పది పదిహేను నిమిషాలాగి పొడిగుడ్డతో తుడిచేస్తే అదనపు జిడ్డు పోతుంది, బండి బయల్దేరాక చిమ్మదు.

అన్నిటికన్నా ముఖ్యం... పూత పక్కలకే. నేలకు ఆనే భాగానికి పొరపాటున కూడా పూయొద్దు, జారుతుంది. బైకులూ స్కూటర్లకైతే అసలు వద్దు. మలుపులో బండి వాలినప్పుడు రోడ్డుకి తగిలేది టైరు అంచే. అక్కడ జిడ్డు ఉంటే అంతే సంగతులు.

పైన పటారం...

పాత కార్లు అమ్మే చోట టైర్లన్నీ కొత్తవాటిలా మెరుస్తుంటాయి. ఆ మెరుపుని చూసి మురిసిపోతే పైన పటారం లోన లొటారమే. టైరు వయసు చెప్పేది రంగు కాదు, దాని పక్కన అచ్చుపోసిన నాలుగంకెలు. ‘2319’ అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. ఈ అంకెలు ఒకవైపే ఉండొచ్చు, బయటివైపు కనిపించకపోతే లోపలివైపు వెతకాలి. అయిదేళ్లు దాటిన టైరుని ఏటా నిపుణుడికి చూపించాలనీ, బాగానే ఉన్నట్టు కనిపించినా పదేళ్లకు మించి వాడొద్దనీ కొన్ని టైర్ల కంపెనీలే చెబుతున్నాయి. గాడుల మధ్య అడ్డంగా చిన్న దిమ్మెలుంటాయి. రబ్బరు అరిగి వాటితో సమానమైందంటే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చినట్టే. ఇక ఏ పాలిష్ పూసినా లాభంలేదు, టైరు మార్చాల్సిందే.

నిజానికి టైరుకి పాలిష్ పూయడంలో అసలు లాభం మెరుపు కాదు. నెలకోసారి నాలుగు చక్రాల దగ్గరా కాసేపు కూర్చుంటారు కదా... పక్కన ఉబ్బు వచ్చిందా, పగుళ్లున్నాయా, గాడిలో మేకు దిగిందా, ఒకవైపే అరుగుతోందా అన్నీ కళ్లపడతాయి. ఉబ్బు కనిపిస్తే మాత్రం సీసా పక్కనపెట్టి నేరుగా టైరు షాపుకి వెళ్లండి. పనిలోపనిగా స్టెప్నీలో గాలి ఉందో లేదో కూడా చూసేస్తే సరి. ఊరికి బయల్దేరేది కుటుంబమంతా. వాళ్లందరి బరువూ మోసేది ఆ నాలుగు టైర్లే మరి!