బొటనవేలు భగ్గుమంటే... పళ్లెం మారాలి!

ఆదివారం మధ్యాహ్నం తలకాయ కూర, బోటి. సాయంత్రం ఈత చెట్ల కింద కల్లు. అర్ధరాత్రి దాటాక బొటనవేలి కీలు ఎర్రగా వాచి సలపరం... దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి! అదే గౌట్‌.

2008లో విమానాశ్రయం వచ్చాక హిమాయత్‌సాగర్‌ దగ్గరి కొత్వాల్‌గూడ, శంషాబాద్‌ ప్రాంతం రూపు మారింది. దావత్‌ల రుచి మాత్రం మారలేదు. గౌట్‌ ఉన్నవారికి చిక్కంతా అక్కడే.

తిండిలోని ప్యూరిన్లు ఒంట్లో యూరిక్‌ యాసిడ్‌గా మారతాయి. దాన్ని చాలావరకు మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి. రక్తంలో అది డెసిలీటరుకు 6.8 మిల్లీగ్రాములు దాటితే, కీళ్లలో సూదుల్లాంటి స్ఫటికాలు పేరుకునే ప్రమాదం ఉంది.

దూరం పెట్టాల్సినవి... కార్జం, గుర్దాలు, బోటి, నెత్తళ్లు, బీరు. కల్లూ మద్యమే! తియ్యటి కూల్‌డ్రింకులూ యూరిక్‌ యాసిడ్‌ను పెంచుతాయి. మాంసం ఉడికేటప్పుడు ప్యూరిన్లు నీళ్లలోకి దిగుతాయి. కాబట్టి షోర్వా కన్నా ముక్కే నయం, అదీ ఎప్పుడో ఒకసారి, కొద్దిగా.

మరి పప్పు? చాలా ఇళ్లలో ముందు మానేసేది దాన్నే. పాపం, దాని తప్పేం లేదు! అమెరికాలో 47,150 మంది పురుషులను పన్నెండేళ్లు గమనించి 2004లో వెల్లడించిన అధ్యయనంలో మాంసం, చేపలు ఎక్కువగా తిన్నవారికే గౌట్‌ ముప్పు పెరిగింది. ప్యూరిన్లున్న కూరగాయలతో పెరగలేదు. వెన్న తీసిన పాలు, పెరుగు తీసుకున్నవారికైతే తగ్గింది కూడా.

అందుకే ఇంటిల్లిపాదికీ ఒకే వంట చాలు. పొద్దున ఇడ్లీ. మధ్యాహ్నం అన్నం, సొరకాయ పప్పు, బీరకాయ కూర, మజ్జిగ. రాత్రి జొన్న రొట్టె, కోడిగుడ్డు కూర. గుడ్డులో ప్యూరిన్లు చాలా తక్కువ. నీళ్లు బాగా తాగాలి. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు మాత్రం ఎన్ని తాగాలో డాక్టర్‌నే అడగాలి. బరువు తగ్గాలని కటిక ఉపవాసాలు చేయొద్దు... యూరిక్‌ యాసిడ్‌ ఇంకా పెరుగుతుంది.

ఒక్కమాట గుర్తుంచుకోవాలి. యూరిక్‌ యాసిడ్‌లో దాదాపు మూడింట రెండొంతులు ఒంట్లోనే తయారవుతుంది. తిండి నుంచి వచ్చేది మిగిలిన వంతే. నొప్పి తగ్గింది కదా, పథ్యం చేస్తున్నాం కదా అని మాత్రలు ఆపేస్తే లోపల స్ఫటికాలు పేరుకుంటూనే ఉంటాయి. కీలు అరిగిపోవచ్చు, కిడ్నీలో రాళ్లూ రావచ్చు. వంటింటి జాగ్రత్త మందుకు తోడే కానీ, మందుకు బదులు కాదు!