ఇరుగూ పొరుగూ పైవారూ

మన భాషలో ఇరుగు ఉన్నది, పొరుగు ఉన్నది. ఎదురింటివారూ, వెనుకింటివారూ, గోడ పంచుకున్నవారూ ఉన్నారు. నెత్తిమీద కాపురమున్నవారికి మాత్రం ఒక మాట లేదు. "పైవారు" అని ఏదో సరిపెట్టుకొంటున్నాము. ఏకవచనంలో "పైవాడు" అందామంటే అది భగవంతుడికి చెల్లిపోయినది. ఈ లోటుకు నిఘంటుకర్తలను తప్పుపట్టి లాభం లేదు. తాటాకింట్లో, పెంకుటింట్లో, మండువా లోగిలిలో పుట్టి పెరిగిన జాతికి పైవారితో పని ఏమున్నది? ఇంటి కప్పుమీద ఎవరైనా నడిస్తే అది పిల్లి కావాలి, కాదంటే కోతి కావాలి. రెండింటినీ ఒక కేకతో తోలివేయవచ్చు. మేడలు లేకపోలేదు గాని, మేడమీదా మేడ క్రిందా ఉండేది ఒకే ఇంటివారు. తాతగారు పైన పచార్లు చేస్తూంటే క్రింద కోడళ్లు గొంతులు తగ్గించుకొనేవారే తప్ప, ఆ అడుగుల చప్పుడు చెవికి కష్టంగా ఉన్నదని ఎవరూ అనలేదు.

ఆ రోజులు పోయినవి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1987 నాటికే అపార్టుమెంట్ల నిర్మాణానికీ యాజమాన్యానికీ ప్రత్యేకంగా ఒక చట్టం చేయవలసి వచ్చినదంటే, అప్పటికే ఎంతమంది ఒకరి నెత్తిమీద ఒకరు సంసారాలు పెట్టారో ఊహించుకోవచ్చు. నేను ఆ వరుసలో ఆలస్యంగా చేరినవాణ్ణి. ముప్పయి యేళ్లు పల్లెటూరి బడులలో తెలుగు పాఠాలు చెప్పి, పదవీ విరమణ చేసి, మా ఆవిడ కంటి వైద్యం కోసం విజయవాడలో ఒక నాలుగంతస్తుల భవనంలో రెండవ అంతస్తులో అద్దెకు దిగాను. ఒప్పందం పదకొండు నెలలకు. సంవత్సరానికి మించిన అద్దె ఒప్పందాన్ని రిజిస్టరు చేయించాలని 1908లో చేసిన చట్టం చెప్పినది. ఆ శ్రమా ఖర్చూ తప్పించుకొనేందుకు ఇళ్ల యజమానులు పన్నెండవ నెలను పంచాంగంలోనుంచే తొలగించారు.

సామాను సర్దుకొన్న వారంలోనే పైన చప్పుళ్లు మొదలైనవి. రాత్రి పది దాటిన తరువాత అడుగులు వినిపించేవి. అవి ఒక మూలనుంచి బయలుదేరి, మా మంచం మీదుగా సాగి, కిటికీ వరకు పోయి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ వెనుకకు వచ్చేవి. పదకొండు అయ్యేది, పదకొండున్నర అయ్యేది, ఒక్కొక్క రాత్రి పన్నెండు కొట్టేది. మధ్య మధ్య కుర్చీ ఈడ్చిన చప్పుడు. తెల్లవారుజామున నాలుగున్నరకు మళ్లీ అవే అడుగులు. ఐదు కాగానే గోడలోనుంచి గుర్రుమని ఒక మ్రోత బయలుదేరి ముప్పావుగంట సాగేది. మా ఆవిడకు ఆపరేషను జరిగిన రోజులవి. ఒక రాత్రి ఆమె లేచి కూర్చుండి, "మన ఊరు వెళ్లిపోదామండీ" అన్నది. చికిత్స ఇంకా సగంలో ఉన్నది. ఒక కన్నే అయినది, రెండవది కావలసి ఉన్నది.

చప్పుడు చేసేవారి ముఖం చూడకుండా నెల గడిపితే ఎంతటివాడైనా కథకుడైపోతాడు. నేను మా ఇంటి కప్పుమీద ఒక మనిషిని చిత్రించుకొన్నాను. స్థూలకాయుడు. చేతులు వెనుకకు కట్టుకొని రాత్రంతా వడ్డీ లెక్కలు వేసుకొంటాడు. క్రింద మనుషులున్నారన్న చింత లేదు. రోజురోజుకూ అతడి దుర్గుణాలు పెంచుతూ పోయాను. నెలాఖరుకు అతడు తల్లిని కూడా సరిగా చూడనివాడయ్యాడు.

ఈ దశలో నేను చేసిన పనులు చెప్పుకోవటానికి సిగ్గుగా ఉన్నది, అయినా చెబుతాను. ఒక రాత్రి బూజుకర్ర తీసుకొని కప్పును మూడుసార్లు పొడిచాను. అది పైవారికి వినిపించినదో లేదో తెలియదు గాని, సున్నపు పెచ్చు ఊడి నా ముఖాన పడ్డది. ఇంట్లో ఒక కంటిరోగికి తోడు రెండవవాడు తయారు కావలసినది, కొద్దిలో తప్పినది. తరువాత వాచ్‌మన్‌తో కబురు పంపాను. మాటను మోసుకుపోయేవాడు దాన్ని ఉన్నదున్నట్లు దించడు కదా. "పైన కాస్త మెల్లగా నడవమని చెప్పు" అని నేనంటే, "క్రింది మాస్టారు పోలీసులకు చెబుతారట" అని అతడు చెప్పాడు. అది మొదలు మెట్లమీద పై అంతస్తువారు ఎదురైతే ముఖం త్రిప్పుకొని పోయేవారు. చివరకు ఇంటి యజమానికి ఫోను చేశాను. ఆయన ఎంతో మర్యాదగా, "ఇబ్బందైతే మీ వీలు మీరు చూసుకోండి మాస్టారూ, ఆ వాటాకు నలుగురు అడుగుతున్నారు" అన్నాడు. పై వాటా వేరొకరిది. దానిమీద ఈయనకు అధికారమూ లేదు, ఈ తగవులో దూరవలసిన అగత్యమూ లేదు. రోట్లో తల దూర్చి రోకటి పోటుకు వెరవటమేమిటని మనసుకు చెప్పుకొన్నాను గాని, తల నాది ఒక్కడిదే అయితే ఆ సామెత సరిపోయేది.

ఇంతలో మా బడిలో భౌతికశాస్త్రం చెప్పిన మిత్రుడొకడు చూడవచ్చాడు. నా గోడంతా విని ఒకటే ప్రశ్న వేశాడు. "వాళ్ల మాటలు వినిపిస్తాయా?" లేదన్నాను. "టీవీ?" అదీ లేదన్నాను. "అయితే ఇది గాలి చప్పుడు కాదు, దెబ్బ చప్పుడు" అని పాఠం మొదలుపెట్టాడు.

ఉపాధ్యాయులకు ఈ సంగతి అనుభవమే, పేరు పెట్టలేదు గాని. పై తరగతిలో మాస్టారు గొంతు చించుకొని పాఠం చెప్పినా క్రింది తరగతికి ఒక్క ముక్క వినిపించదు. గంట కొట్టగానే పిల్లలు బల్లలు జరిపితే మాత్రం నెత్తిన పిడుగు పడ్డట్లుంటుంది. మాట గాలిలో పుట్టి గాలిలో ప్రయాణం చేస్తుంది. అయిదంగుళాల కాంక్రీటు శ్లాబు అడ్డుపడితే, అంత బరువును కదిలించే శక్తి దానికి లేదు. మడమ దెబ్బ అలాకాదు. అది తిన్నగా శ్లాబులోనే పుడుతుంది. శ్లాబు కంపించి, మద్దెల మూతవలె మన గదిలోని గాలిని కదిలిస్తుంది. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతే, కాంక్రీటులో 3000 మీటర్లకు పైగా పోతుంది. పైగా నేటి భవనంలో శ్లాబులూ దూలాలూ స్తంభాలూ అన్నీ ఒకే ముద్దగా పోతపోసినవి. ఒకచోట కొట్టిన దెబ్బ స్తంభం వెంట దిగి ఎక్కడో పలుకుతుంది. "అందుచేత నీకు పైనుంచి వినిపించినదంతా పైనే పుట్టినదనుకోకు" అని మిత్రుడు హెచ్చరించాడు. ఆ మాట అప్పుడు నా చెవికెక్కలేదు.

మరి మన కప్పుకు దూదీ బెండూ అంటిస్తే పోదా అని అడిగాను. కొంత తగ్గుతుందేమో గాని, గోడలవెంట దిగేది దిగుతూనే ఉంటుందన్నాడు. దెబ్బను దెబ్బపడేచోటే మెత్తన చేయాలి. అంటే నేలమీద తివాచీ పరవాలి, కుర్చీ కాళ్లకు రబ్బరు తొడగాలి. జబ్బు మా ఇంట్లో ఉన్నది, మందు వేయవలసినది వారి ఇంట్లో. ఇంకొక చిక్కు కూడా ఉన్నది. అడుగు వేసేవాడికి తన అడుగు చప్పుడు వినిపించదు. వినిపించినా అది వేరు. క్రింద పలికే మ్రోత పైన లేనే లేదు.

శాస్త్రం కాకపోతే చట్టం చూద్దామనుకొన్నాను. 2000లో కేంద్రప్రభుత్వం చేసిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం, నివాస ప్రాంతాలలో పగలు 55 డెసిబెళ్లు, రాత్రి పదినుంచి ఉదయం ఆరు వరకు 45 డెసిబెళ్లు మించరాదు. బడులకూ ఆస్పత్రులకూ న్యాయస్థానాలకూ చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద మండలమైతే ఆ అంకెలు 50, 40. (పది డెసిబెళ్లే కదా తేడా అనుకోరాదు. పది పెరిగితే ధ్వని తీవ్రత పదింతలవుతుంది. విద్యార్థులు దీనిని గుర్తుంచుకోవాలి.) ఇంట్లో పెట్టుకొన్న ధ్వని పరికరం మ్రోత, ఆ ఇంటి సరిహద్దువద్ద అక్కడి పరిమితికి 5 డెసిబెళ్లకంటె మించరాదని 2005లో సుప్రీంకోర్టు ఆదేశించినది. లౌడుస్పీకరుకు హద్దు ఉన్నది, బాణసంచాకు ఉన్నది, మోటారు హారనుకు ఉన్నది. మడమకు ఎక్కడా కనిపించలేదు. 1960లో వచ్చిన అద్దె నియంత్రణ చట్టంలో, అదే భవనంలోని ఇతరులకు పీడ కలిగించే కిరాయిదారును ఖాళీ చేయించవచ్చునని వ్రాసుకొన్నారు. ఆ హక్కు ఇచ్చినది అతడి యజమానికి, క్రింద నిద్రలేక పొర్లేవాడికి కాదు.

సెల్‌ఫోనులో డెసిబెళ్లు కొలిచే సాధనమొకటి పెట్టుకొని ఒక రాత్రి గంటసేపు చూశాను. సగటు నలభై అయిదుకు లోపే వచ్చినది. రెండు అడుగుల మధ్యనుండే నిశ్శబ్దం సగటును కాపాడినది. ఆ నిశ్శబ్దంలో తరువాతి అడుగు కోసం ఊపిరి బిగబట్టి ఉండేవాణ్ణి ఏ సగటు కాపాడుతుంది?

మిగిలినది ఒక్కటే దారి. ఒక ఆదివారం పదకొండు గంటలకు మెట్లెక్కి వారి తలుపు తట్టాను. తలుపు తీసినది ఒక గృహిణి. "పోలీసులకు చెబుతారటగా మాస్టారూ?" అన్నది ముందుగానే. ఆమె వెనుక, పుస్తకంలో వేలు పెట్టుకొని, సన్నగా రివటలాంటి కుర్రవాడు నిలబడి ఉన్నాడు. నా స్థూలకాయుడు ఇంట్లో ఎక్కడా లేడు. భర్త పొరుగూరిలో ఉద్యోగం, వారానికొకసారి వస్తాడట. ఆమె ఒక దుకాణంలో లెక్కలు వ్రాస్తుందట. కుర్రవాడిది పదవ తరగతి, మార్చిలో పరీక్షలు.

"కూర్చుని చదివితే నిద్ర వచ్చేస్తున్నదండీ వాడికి. నడుస్తూ చదివితే రాదని వాళ్ల సారు చెప్పారట."

నేను ఏమీ అనలేకపోయాను. ముప్పయి యేళ్లు ఏటా పదవ తరగతి పిల్లలకు నేను చెప్పిన సలహా అదే. నేను చెప్పినది మట్టి అరుగులున్న ఊళ్లలో. వాళ్ల క్రింద భూమాత తప్ప ఎవరూ లేరు.

"ఒక్కసారి మా ఇంటికి వచ్చి వినండమ్మా. తప్పుపట్టటానికి కాదు, మీకు తెలియాలని" అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, రాత్రి నడిచినట్లే నడవమని కొడుకుకు చెప్పి, నాతో క్రిందికి వచ్చినది. మా ఆవిడ ప్రక్కన మంచంమీద కూర్చున్నది. పైన అడుగులు మొదలైనవి. మూలనుంచి కిటికీకి, కిటికీనుంచి మూలకు. ఆమె తలెత్తి కప్పు వంక చూసినది. "ఇదేమిటండీ, బస్తాలు దించుతున్నట్లున్నది! వాడు నలభై కేజీలు కూడా లేడు" అన్నది. మా ఆవిడ కంటికట్టును కూడా ఆమె అప్పుడే చూసినది. ఇక నేను చెప్పవలసినది మిగలలేదు.

తెల్లవారుజాము మ్రోత సంగతి ఎత్తితే ఆమె తెల్లబోయినది. "గ్రైండరా? మాకు గ్రైండరే లేదండీ. అది మీదనుకుంటున్నాం!" విచారిస్తే ఆ గ్రైండరు మొదటి అంతస్తులో, మెట్లకు అవతలివైపు వాటాలో ఉన్నది. క్రిందనుంచి స్తంభంవెంట ఎక్కివచ్చి మా ఇద్దరి గోడలలోనూ పలుకుతున్నది. మిత్రుడి హెచ్చరిక అప్పుడు చెవికెక్కినది. నెలరోజులు నేను పైవారిని తిట్టుకొన్న తిట్లలో సగం క్రిందివారివి.

ఆ సాయంకాలమే పాత సైకిలు ట్యూబు ముక్కలు కోసి వారి కుర్చీ కాళ్లకు నేనే కట్టాను. కుర్రవాడు నడిచే దారిలో తల్లి ఒక బొంత పరచినది. పది దాటిన తరువాత పడకగదిలో కాక ముందుగదిలో నడవటానికి వాడు ఒప్పుకొన్నాడు. దాని క్రింద మా ఇంట్లో ఎవరూ పడుకోరు. అప్పుడప్పుడు మరచిపోయి ఇటు వస్తాడు, అయిదారు అడుగులు వేసి నాలుక కరచుకొని వెళ్లిపోతాడు. అది కూడా మాకు తెలుస్తుంది. గ్రైండరావిడ దగ్గర మాత్రం పూర్తిగా నెగ్గలేదు. ఆమె ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముకొని ఇద్దరు పిల్లలను చదివిస్తున్నది. "ఆరింటికల్లా హోటలువాళ్లు వస్తారు బాబుగారూ, ఐదుకు మొదలుపెట్టకపోతే ఎలాగ?" అన్నది. నా దగ్గర జవాబు లేదు. గ్రైండరు క్రింద మందపాటి రబ్బరు ముక్క వేయించాము. మ్రోత తగ్గినది, పోలేదు. మేము మంచాన్ని ఆ స్తంభానికి దూరంగా జరుపుకొన్నాము.

అవతలివైపు వెళ్లి వస్తూ, ఇవతలివైపు, అంటే సరిగా మా క్రింది వాటావారి గుమ్మం ముందు ఆగాను. ఇంతవరకు వారితో పలుకరింపే తప్ప మాట లేదు. మావల్ల మీకేమైనా ఇబ్బంది ఉన్నదా అని, లేదంటారన్న ధీమాతోనే అడిగాను. ఇంటాయన భార్య ముఖం చూశాడు. ఆమె కొంగు సర్దుకొన్నది.

"పెద్దవారు, ఎలా చెప్పాలా అని ఊరుకున్నామండీ. మధ్యాహ్నం రెండింటికి మీ ఇంట్లో ఏదో దంచుతారు. మా పాపాయి సరిగ్గా అప్పుడే కళ్లు మూస్తుంది. ఉలిక్కిపడి లేస్తున్నది."

దంచేది మా ఆవిడ కాదు, నేను. పళ్లు కదలినప్పటినుంచి, భోజనం కాగానే తాంబూలాన్ని చిన్న ఇత్తడి రోట్లో దంచుకొని వేసుకోవటం నాకు అలవాటు.

"ఎన్నాళ్లనుంచి?" అన్నాను.

"మీరు దిగిన రోజునుంచీనండీ."

మరునాటినుంచి రోటిని నేలమీద పెట్టటం లేదు. ఒళ్లో దిండు వేసుకొని, దానిమీద పెట్టుకొని దంచుతున్నాను. తాంబూలం సరిగా నలగటం లేదు, తొడ కూడా కాస్త నొప్పి పెడుతున్నది.