రైలును ఆపే గాలి

కదిలే వస్తువును ఆపడానికి ఎంత బలం కావాలో చెప్పే లెక్క చిన్నదే. ద్రవ్యరాశిని వేగం వర్గంతో గుణించి, ఆగాల్సిన దూరానికి రెట్టింపుతో భాగించాలి. 400 టన్నుల రైలు సెకనుకు 20 మీటర్ల చొప్పున, అంటే గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వస్తోందనుకుందాం. దాన్ని 400 మీటర్లలో ఆపాలంటే సగటున 2 లక్షల న్యూటన్ల బలం కావాలి. వేగం రెట్టింపైతే, అదే దూరంలో ఆపడానికి నాలుగింతలు కావాలి. ఇంతవరకు ఇబ్బంది లేదు. ఆ బలాన్ని ఎక్కడి నుంచి తేవాలన్నదే రైలు బ్రేకును పుట్టించిన చిక్కు.

ఇంజనుకే గట్టి బ్రేకు బిగిస్తే చాలదా? చాలదు. సాధారణ బ్రేకు ఏదైనా, రైలును ఆపే బలం చివరికి చక్రానికీ పట్టాకూ మధ్య ఒరిపిడి నుంచే రావాలి. చక్రం మీద పడే బరువే దానికి హద్దు. 80 టన్నుల ఇంజను ఒక్కటే 2 లక్షల న్యూటన్లు ఇవ్వాలంటే తన బరువులో నాలుగో వంతు ఒరిపిడిగా దక్కాలి. తడిసిన పట్టాను అంతగా నమ్ముకోలేం. అదే పనిని రైలులోని చక్రాలన్నీ పంచుకుంటే బరువులో ఇరవయ్యో వంతు సరిపోతుంది. పోనీ, బ్రేకు దిమ్మలను ఇంకా గట్టిగా అదిమితే? చక్రం బిగుసుకుపోయి పట్టా మీద జారుతుంది. 1878లో ఇంగ్లండులో డగ్లస్ గాల్టన్, జార్జ్ వెస్టింగ్‌హౌస్ చేసిన ప్రయోగాల్లో, అలా జారే చక్రానికి ఆపే శక్తి బాగా పడిపోతుందని తేలింది.

కాబట్టి బలాన్ని ప్రతి పెట్టెకూ ఒకేసారి పంచాలి. గాలి బ్రేకు రాకముందు అమెరికా గూడ్సు బళ్లలో బ్రేకు మనుషులు పైకప్పుల మీద పరుగెత్తుతూ పెట్టె తర్వాత పెట్టెకు చేత్తో బ్రేకు బిగించేవారు. జారిపడి ప్రాణాలు పోగొట్టుకునేవారు. 1869లో వెస్టింగ్‌హౌస్ గాలి బ్రేకుకు పేటెంటు పొందాడు. అయితే గాలిని పెట్టెలకు చేర్చే గొట్టం తెగితే ఆ బ్రేకు పనిచేయదు. 1872లో అతడు పద్ధతినే తిరగేశాడు: గొట్టంలో ఎప్పుడూ ఒత్తిడి ఉంటుంది, ప్రతి పెట్టె కిందా కొంత గాలి నిల్వ ఉంటుంది. గొట్టంలో ఒత్తిడి తగ్గిందంటే ఆ నిల్వ గాలి దిమ్మలను చక్రాలకు అదుముతుంది. నా దృష్టిలో అసలు ఆవిష్కరణ ఇదే.

ఎప్పుడో తెగే గొట్టం కోసం ప్రతి పెట్టెకూ ఇంత సరంజామా ఎందుకనే వాదనకు 1889 జూన్ 12న ఐర్లండులోని అర్మా దగ్గర జవాబు దొరికింది. ఎత్తు ఎక్కలేక ఆగిన విహారయాత్ర రైలును రెండుగా విడదీశారు. దానికున్నది గొట్టం విడిపోతే తనంతట తానే పడే బ్రేకు కాదు. వెనక పెట్టెలు పల్లానికి దొర్లి, వెనక వస్తున్న రైలును గుద్దుకున్నాయి. 80 మంది చనిపోయారు. వారిలో పిల్లలూ ఉన్నారు. తనంతట పడే బ్రేకును ప్రయాణికుల రైళ్లకు తప్పనిసరి చేసే చట్టం బ్రిటన్‌లో ఆ ఏడే వచ్చింది. ఇవాళ మన గాలి బ్రేకు రైళ్లలో గొలుసు లాగితే బయటికి పోయేది ఆ గొట్టంలోని గాలే.