దవడయెముకను మరల పెంచు పలుచని పొర

పన్ను ఊడినప్పుడు మనకు కనబడునది నోటిలోని సందు మాత్రమే. ఆ సందు క్రింద, చిగురు మాటున, మఱియొక నష్టము జరుగుచున్నదని పెక్కుమంది యెఱుగరు. పంటిని పట్టి నిలిపిన దవడయెముక, తనకిక పని లేకపోవుటచే, క్రమముగా కరగిపోవును. దంతమును తీసిన మొదటి సంవత్సరములో ఆ చోటి యెముక వెడల్పు సుమారు సగము తగ్గుననియు, ఆ తగ్గుదలలో అధికభాగము తొలి 3 నెలలలోనే జరుగుననియు వైద్యులు కొలిచి చూచిరి. పండ్లు పోయిన వృద్ధుల బుగ్గలు లోనికి కుంగుటకు ఇదియు నొక కారణము.

మన చంద్రపూర్ ప్రాంతమున ఇది దూరపు ముచ్చట కాదు. వక్క, పొగాకు, సున్నము కలిపి నలిపిన ఖర్రా విదర్భలో వీథివీథిని పాదుకొన్న అలవాటు. మహారాష్ట్ర ప్రభుత్వము 2012లో గుట్కాను నిషేధించినను నమలు అలవాటు మాత్రము నోళ్లను విడువలేదు. పొగాకు చిగుళ్లను చెఱచును. చిగుళ్ల వ్యాధి ముదిరినకొలది పంటిని పట్టుకొన్న యెముక క్షీణించును. పిమ్మట కొత్తపన్ను పెట్టించుకొనదలచి నాగపూర్‌కో హైదరాబాదుకో పోయినవారికి, "ముందు ఎముక చాలదు" అను మాట వినవచ్చును. ఆ లోటును తీర్చుటకు నేడు వాడుచున్న ఉపాయములలో ముఖ్యమైనది కొల్లాజెన్ పొర. అది యేమో, ఎట్లు పనిచేయునో తల్లిదండ్రులు తెలిసికొనుట మంచిది.

కొత్తపంటికి వేరువలె దవడలో నాటు మర టైటానియము అను లోహముతో చేయబడును. స్వీడన్ దేశీయుడగు బ్రోనెమార్క్ 1952 ప్రాంతమున కుందేలు ఎముకలో ఈ లోహపు పరికరమును అమర్చి, పిదప తీయబోగా అది ఎముకతో నేకమై ఊడిరాకపోయెను. ఆ అనుభవమే ఆధారముగా 1965లో ఒక రోగి దవడలో అట్టి మరలను నాటి, వానిపై దంతములను నిలిపిరి. అయితే మేకు నిలువవలెనన్న గోడ గట్టిగా నుండవలెను గదా. ఎముక పలుచనైనచోట మర నిలువదు.

అచట ఎముకను పెంచుటెట్లు? గాయము మానునప్పుడు ఖాళీ స్థలము కొఱకు రెండు విధములైన కణములు పోటీపడును. చిగురు కణములు వేగముగా ప్రాకును. ఎముకను కట్టు కణములు నెమ్మదిగా నడచును. పైరు మొలకెత్తకమునుపే కలుపు చేనంతయు నాక్రమించినట్లు, ఎముక పెరుగవలసిన చోటును చిగురు మాంసము నింపివేయును. ఈ రెంటి నడుమ ఒక పొరను అడ్డు పెట్టినచో చిగురు బయటనే ఆగిపోవును. ఎముకకు తన చేను తనకు దక్కును. 1982లో స్వీడన్‌లోని నైమన్ ప్రభృతులు చిగుళ్ల వ్యాధిగ్రస్తమైన పంటివద్ద ఈ సూత్రమును పరీక్షించిరి. 1988లో డాలిన్, ఆయన సహచరులు ఎలుకల దవడలలో రంధ్రములు చేసి, కొన్నింటిపై టెఫ్లాన్ జాతి పొరను కప్పిరి. పొర కప్పినచోట 6 వారములకు ఎముక పూడుకొనెను. కప్పనిచోట మెత్తని కండయే నిండెను.

కాని టెఫ్లాన్ శరీరములో కరగదు. దానిని తీయుటకు చిగురును మరల కోయవలసివచ్చెడిది. అది నడుమ బయటపడినచో క్రిములును చేరెడివి. పని తీరినపిదప తనంత తానే కరగిపోవు పొర కావలసివచ్చెను. అట్టిది కొల్లాజెన్.

కొల్లాజెన్ మనకు కొత్తది కాదు. చర్మము, స్నాయువులు, ఎముక, వీనికి పట్టు నిచ్చునది ఈ మాంసకృత్తే. వడ్రంగులు వాడిన సరేసుబంక తోళ్లను ఉడికించి తీసిన కొల్లాజెనే. ఆ పేరునకును గ్రీకు భాషలో బంకను పుట్టించునది యని యర్థము. దీని నిర్మాణమును విప్పి చెప్పినవారు మన దేశీయులగుట గర్వకారణము. 1954లో మద్రాసు విశ్వవిద్యాలయమున జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కంగారూ తోక స్నాయువును ఎక్స్‌రే కిరణములతో పరీక్షించి, కొల్లాజెన్ అణువు మూడు పేటల త్రాడువలె పెనవేసికొని యుండునని చూపిరి. అదే నగరమునందు 1948లో స్థాపితమైన కేంద్ర చర్మ పరిశోధన సంస్థకు 1958 నుండి అధిపతిగా నున్నవారు యలవర్తి నాయుడమ్మగారు. వారు గుంటూరు జిల్లా యలవర్రులో జన్మించిన తెలుగువారు. తోలును పదును చేయు విద్య అనగా కొల్లాజెన్ విద్యయే. ఆ సంస్థ తరువాతి కాలమున గాయములపైనను కాలిన పుండ్లపైనను కప్పు కొల్లాజెన్ పొరలనుగూడ రూపొందించెను.

తోళ్ల పనికిని పంటి పొరకును గల చుట్టరికము ఇక్కడనే తెలియును. పచ్చితోలు కొలది దినములలో కుళ్లును. తంగేడు చెక్కరసములో నానవేసినచో అందలి టానిన్ కొల్లాజెన్ పోగులను కలిపి కట్టుటచే తోలు నిలుచును. నోటిలోని పొరయు నట్టిదే. ఏ సంస్కారమును లేనిది కొన్ని వారములలోనో కొద్ది నెలలలోనో కరగును. పోగుల నడుమ రసాయనిక బంధములు కల్పించినచో ఎక్కువ కాలము నిలుచును. మితిమీరినచో చిగురు దానిని సహింపక మానుట మందగించును. ఎముక గట్టిపడువఱకు నిలిచి, పిమ్మట వెడలిపోవుటయే దానికి తగిన ధర్మము.

చికిత్సావిధానము సంగ్రహముగా ఇది. వైద్యుడు మత్తుసూది వేసి చిగురును విప్పి, లోటైన చోట ఎముక రేణువులను నింపును. పొర మెత్తనిది, ఆ రేణువులే దానిని క్రిందికి కుంగకుండ నిలుపును. దానిపై పొరను పఱచి, చిగురును బిగువు లేకుండ మూసి కుట్టును. ఎముక గట్టిపడుటకు 4 మొదలు 6 నెలలు, ఒక్కొక్కప్పుడు అంతకన్న ఎక్కువ కాలము పట్టును. లోటు చిన్నదైనచో మరను అప్పుడే నాటుటయు గలదు. ఆ నెలలలో తొందరపడరాదు, కుట్టిన చోటును కదపరాదు, పొగాకు ముట్టరాదు. మధుమేహము గలవారు చక్కెరను అదుపులో నుంచుకొనవలెను. లేనిచో వ్యయప్రయాసలు రెండును వృథా కావచ్చును.

ఈ పొరలు పశువుల చర్మమునుండియో స్నాయువులనుండియో తీయబడును. ఆవు, పంది, చేప మూలముగా చేసినవి యున్నవి. తమ ఆచారమునకు ఏది సమ్మతమో విచారించి యడుగుట రోగి హక్కు, వైద్యుడు చెప్పవలసినదే. దానితోపాటు ఈ ప్రశ్నలుగూడ అడుగుడు: నాకు నిజముగా ఎముక లోటున్నదా? ఎంత? పొర ఎంతకాలము నిలుచును? అది నడుమ బయటపడినచో నేమి చేయుదురు? మొత్తము వ్యయమెంత? తక్కువ వ్యయమున కదిలెడి పండ్లసెట్టుగాని, ప్రక్కపండ్ల ఆధారముతో వంతెనవలె కట్టు పండ్లుగాని నాకు చాలునా? అడిగినవారిని మంచి వైద్యుడు ఆదరించునే గాని కసరుకొనడు.

చివరకు చెప్పవలసినది యొకటి. ఈ పొర తానుగా ఎముకను పుట్టింపదు. ఎముకకు పెరుగుటకు చోటును, వ్యవధిని మాత్రమే కాచి యిచ్చును. పుట్టినప్పటి పండ్లవద్ద ఆ కాపలా తల్లిదండ్రులది. రాత్రి పరుండబోవుటకు ముందు పిల్లలచేత పండ్లు తోమించుట, చిగుళ్లనుండి రక్తము వచ్చిన నిర్లక్ష్యము చేయక చూపించుట, ఇంటిలో పెద్దలు ఖర్రాను మానుట, ఇవి వ్యయము లేనివి. తండ్రి నోటిలోని ఖర్రాను చూచిన బాలునికి బడిలో ఎంత చెప్పినను తలకెక్కదు. ఆ మార్పు ముందు మన యింటిలోనే జరుగవలెను.