బిళ్ళలొద్దు... ఆముదం చాలు!

సంక్రాంతికి ఊరెళ్ళి వచ్చేటప్పుడు మా అత్తయ్యగారు పెసలు, మినుములు, బియ్యం మూటలు కట్టి ఇస్తారు. ఏడాదికి సరిపడా గింజలు ఇంట్లో ఉంటే ఆ ధీమాయే వేరు! కానీ వానాకాలం వచ్చేసరికి డబ్బా మూత తీస్తే తెల్లటి పొడి, గింజకో చిల్లు. రెండేళ్ళ కిందట అలా పది కిలోల పెసలు పుచ్చిపోతే ప్రాణం ఉసూరుమంది.

ఆ కోపంలో నిరుడు కొట్లో అడిగి పురుగు చచ్చే బిళ్ళలు తెచ్చాను. రెండు బిళ్ళలు గుడ్డలో చుట్టి బియ్యం డ్రమ్ములో పడేశాను. ఆ డ్రమ్ము పిల్లలు పడుకునే గదిలోనే ఉంది. అర్ధరాత్రి కుళ్ళిన చేపల్లాంటి వాసన... మా పాపకి ఒకటే వాంతులు! ఆసుపత్రికి పరుగెత్తాం. "అది అల్యూమినియం ఫాస్ఫైడ్ అమ్మా. గాలిలో తేమ తగిలితే చాలు, విషవాయువు వస్తుంది. దానికి విరుగుడు మందు లేదు. గోదాముల్లో శిక్షణ ఉన్నవాళ్ళు వాడాల్సింది ఇంట్లో పెడతారా?" అని డాక్టరుగారు కోప్పడ్డారు. రెండు రోజులకు పాప తేరుకుంది. నాకు మాత్రం ఆ రాత్రి ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

సంగతి తెలిసి అత్తయ్యగారు హడావుడిగా వచ్చారు. "మా అత్తగారి కాలం నుంచీ ఆముదమేగా పట్టిస్తున్నాం, నన్నొక్క మాట అడగకపోయావా అమ్మాయ్?" అన్నారు.

అందులో కిటుకు ఉంది. పప్పుధాన్యాల పురుగు గుడ్లను గింజ పైనే అంటిస్తుంది. పిల్లపురుగు లోపలికి తొలుచుకుపోయి, నెల తిరిగేసరికి పెద్దదై చిల్లు చేసుకుని బయటకొస్తుంది. నూనె పూత ఉంటే గుడ్డు సరిగా అంటదు, అంటినా దానికి గాలి అందదు.

ముందుగా గింజల్ని రెండు మూడు రోజులు ఎర్రటి ఎండలో పోయండి. పంటి కింద పటుక్కున విరగాలి. చల్లారాక కిలోకు ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్ల ఆముదం గానీ వేరుశనగ నూనె గానీ వేసి, ప్రతి గింజకూ అంటేలా అరచేతులతో రుద్దండి. మూత బిగువుగా ఉన్న డబ్బాలో పోసుకోండి. వండే ముందు బాగా కడిగితే సరి. బియ్యంలో అయితే బాగా ఎండిన వేపాకును గుడ్డసంచిలో కట్టి పెట్టండి. పురుగు రాక తగ్గుతుంది గానీ, అప్పటికే పట్టిన పురుగు దాంతో చావదు. జల్లించుకోవాల్సిందే.

ఇక ఘాటు తైలాల మాట. యూకలిప్టస్‌లోని సినియోల్, లవంగంలోని యూజినాల్ పురుగులకు పడవు. కానీ ఇవి ఆవిరైపోయే నూనెలు. ఘాటు ఎక్కువకాలం నిలవదు, పైగా బియ్యానికి వాసన పట్టేస్తుంది. అందుకే నేను ఖాళీ డబ్బాలు తుడవడానికే వాడతాను. తుడిచాక ఆరబెట్టి, ఆ తర్వాతే గింజలు పోస్తాను. యూకలిప్టస్ తైలం కొంచెం తాగినా పిల్లలకు ప్రమాదం. సీసా అందకుండా పెట్టండి.

ఈసారి దసరాకి డబ్బా తీస్తే పెసలు నిగనిగలాడుతున్నాయి! పెసరట్టు వేస్తుంటే పాప పక్కనే కూర్చుని రెండు తినేసింది. నాలుగు గింజలు పుచ్చితే ఏరుకుంటాను గానీ, ఆ బిళ్ళల్ని మాత్రం మళ్ళీ మా గడప తొక్కనివ్వను.