రక్తవ్యాధి ఉన్నవారికి ఆపరేషన్: మత్తు డాక్టరుకు ముందే చెప్పండి

ఆపరేషన్ అనగానే ఎవరికైనా గుండెల్లో దడ పుడుతుంది. "మత్తు ఇస్తే మళ్లీ లేస్తామో లేదో" అన్న భయం చాలామందిలో ఉంటుంది. సికిల్ సెల్, తలసేమియా, హీమోఫీలియా వంటి రక్తవ్యాధితో పుట్టినవారికీ, వారి తల్లిదండ్రులకూ ఆ భయం రెట్టింపు. కొందరు భయంతో ఆపరేషన్‌ను ఏళ్ల తరబడి వాయిదా వేస్తారు. మరికొందరు జబ్బు సంగతే దాచిపెడతారు. బయటపడితే పిల్లకు సంబంధాలు రావనీ, డాక్టరు ఆపరేషన్ చేయననేస్తారనీ వారి అనుమానం. వాయిదా వేయడం కంటే దాచిపెట్టడం ఇంకా ప్రమాదం.

ఒక మాట స్పష్టంగా తెలుసుకోండి. రక్తవ్యాధి ఉన్నా పూర్తి మత్తు ఇచ్చి ఆపరేషన్ చేయవచ్చు. కాకపోతే సిద్ధపడడానికి కొన్ని రోజులు, ఒక్కోసారి కొన్ని వారాలు పడుతుంది. అందుకే మీ జబ్బు సంగతి ఆపరేషన్ బల్ల మీద కాదు, తేదీ నిర్ణయించకముందే మత్తు డాక్టరుకు తెలియాలి.

పూర్తి మత్తులో ఏం జరుగుతుంది?

పూర్తి మత్తు అంటే కేవలం నిద్ర కాదు. మందులతో మీకు స్పృహ పోతుంది, నొప్పి తెలియదు, కండరాలు సడలుతాయి. చాలా ఆపరేషన్లలో గొంతులోకి గొట్టం వేసి, యంత్రంతో ఊపిరి ఆడిస్తారు. ఆ సమయమంతా మత్తు డాక్టరు మీ పక్కనే ఉండి ఊపిరి, గుండె, రక్తపోటు, ఒంటి వేడి గమనిస్తూ ఉంటారు.

మత్తులో ఊపిరిని గమనించాలన్న విషయంలో మన హైదరాబాదుకు ఒక చరిత్ర ఉంది. 1888, 1889 సంవత్సరాల్లో నిజాం ప్రభుత్వ సాయంతో ఎడ్వర్డ్ లారీ అనే వైద్యుడు అక్కడ రెండు క్లోరోఫాం కమిషన్లు నడిపించారు. మత్తు ఇచ్చేటప్పుడు అన్నిటికంటే ముందు ఊపిరిని కనిపెట్టి ఉండాలని ఆయన గట్టిగా వాదించారు. క్లోరోఫాం గుండెను కూడా దెబ్బతీయగలదని తరువాత తేలింది. ఇప్పుడు ఊపిరినీ గుండెనూ కూడా ప్రతి క్షణం గమనిస్తారు. వేలికి క్లిప్పులా తగిలించే ఆక్సిజన్ మీటరు అందుకే.

మత్తుమందు ఒక్కటే ప్రమాదం తెస్తుందని అనుకోకండి. ఆపరేషన్ సమయంలో ఒంట్లో నీరు తగ్గవచ్చు, చలి పట్టవచ్చు, ఆక్సిజన్ తగ్గవచ్చు, రక్తం పోవచ్చు. మామూలు మనిషి వీటిని కొంతవరకు తట్టుకుంటాడు. రక్తవ్యాధి ఉన్నవారికి అంత వెసులుబాటు ఉండదు. ఏ జబ్బుకు ఏది ఎక్కువ ప్రమాదమో చూద్దాం.

సికిల్ సెల్ (కొడవలి కణాల వ్యాధి)

మామూలు ఎర్ర రక్తకణం గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. సుమారు 120 రోజులు బతుకుతుంది. సికిల్ సెల్ ఉన్నవారి కణం ఆక్సిజన్ తగ్గినప్పుడు కొడవలిలా వంగి గట్టిపడుతుంది. 10 నుంచి 20 రోజులకే చితికిపోతుంది. వంగిన కణాలు సన్నని రక్తనాళాలలో అడ్డుపడితే భరించలేని నొప్పి వస్తుంది. ఈ వ్యాధిని 1910లో అమెరికాలోని చికాగోలో జేమ్స్ హెరిక్ మొదట వర్ణించారు. మన దేశంలో 1952లో నీలగిరి కొండల గిరిజనులలో గుర్తించారు. 2023 జులై 1న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌లో ఉన్న 17 రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి.

కణాలు త్వరగా చితికిపోవడం వల్ల పిత్తాశయంలో రాళ్లు ఏర్పడతాయి. రక్తం అందక తుంటి ఎముక అరిగిపోతుంది. కాబట్టి ఈ వ్యాధి ఉన్నవారికి ఆపరేషన్ అవసరం తరచుగా వస్తుంది. వీరికి నాలుగు శత్రువులు: చలి, దాహం, ఆక్సిజన్ తగ్గడం, ఇన్‌ఫెక్షన్.

ఆపరేషన్‌కు ముందు రక్తం ఎక్కించడం ఎంత మేలు చేస్తుందో 2013లో లాన్సెట్ వైద్యపత్రికలో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. చిన్న, మధ్యరకం ఆపరేషన్లకు వచ్చిన 67 మంది సికిల్ సెల్ రోగులను రెండు జట్లు చేశారు. ముందు రక్తం ఎక్కించని 33 మందిలో 13 మందికి ఇబ్బందులు వచ్చాయి. ఎక్కించిన 34 మందిలో 5 గురికే వచ్చాయి. చాలా ఇబ్బందులు ఊపిరితిత్తులకు సంబంధించినవే. అలాగని ఎంత ఎక్కిస్తే అంత మంచిది అనుకోకూడదు. హిమోగ్లోబిన్ సుమారు 10 గ్రాములకు తెస్తే సాధారణంగా చాలు. అంతకు బాగా మించితే రక్తం చిక్కబడి మళ్లీ అడ్డుపడవచ్చు. ఎవరికి ఎంత ఎక్కించాలో, అసలు అవసరమో కాదో డాక్టరే నిర్ణయిస్తారు.

ఒక్క జన్యువు మాత్రమే ఉన్నవారిని వాహకులు అంటారు. వారికి సాధారణంగా మత్తు వల్ల ఇబ్బంది రాదు. అయినా ఆ సంగతి కూడా చెప్పండి.

తలసేమియా

తలసేమియా మేజర్ పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కిస్తూ ఉండాలి. ఎక్కించిన ప్రతి సీసాతోనూ ఒంట్లో ఇనుము పెరుగుతుంది. అది గుండెలో, కాలేయంలో, గ్రంథులలో పేరుకుంటుంది. పైకి చురుగ్గా కనిపించే పిల్లవాడికి కూడా లోపల గుండె బలహీనంగా ఉండవచ్చు, షుగరు ఉండవచ్చు. కాబట్టి మత్తుకు ముందు ఇ.సి.జి., గుండె స్కానింగ్, షుగరు, కాలేయ పరీక్షలు చేస్తారు. సరిగా రక్తం అందని పిల్లల్లో దవడ, ముఖం ఎముకలు పెరిగి ఉంటే గొంతులో గొట్టం వేయడం కష్టం కావచ్చు. మత్తు డాక్టరు నోరు తెరిపించి, మెడ వంచి చూసేది ఇందుకే.

ఉబ్బిన ప్లీహాన్ని తీసివేయవలసి వస్తే, న్యుమోనియా, మెదడువాపు కలిగించే సూక్ష్మజీవులకు టీకాలు కనీసం రెండు వారాల ముందే వేయించాలి. ప్లీహం పోయాక ఆ సూక్ష్మజీవులతో పోరాడే శక్తి తగ్గుతుంది. హైదరాబాదులో 1998లో ఏర్పడిన తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ వంటి చోట్ల రక్తం ఎక్కించుకుంటున్నవారు అక్కడి రికార్డు తప్పక వెంట తెచ్చుకోండి.

హీమోఫీలియా, ప్లేట్‌లెట్లు తగ్గే జబ్బు

హీమోఫీలియాలో రక్తం గడ్డకట్టడానికి అవసరమైన ఫ్యాక్టర్ 8 గాని, ఫ్యాక్టర్ 9 గాని తక్కువగా ఉంటుంది. పెద్ద ఆపరేషన్‌కు ముందు ఆ ఫ్యాక్టర్‌ను ఇంజెక్షన్ ద్వారా మామూలు స్థాయికి తెస్తారు. తరువాత కూడా గాయం మానేదాకా కొన్ని రోజులు ఇస్తూ ఉంటారు. మధ్యలో మందు అయిపోతే ఆగిన రక్తం మళ్లీ మొదలవుతుంది. అందుకే మొత్తం కోర్సుకు సరిపడా ఫ్యాక్టర్ చేతికి వచ్చాకే తేదీ పెట్టుకోవాలి. ఆ ఫ్యాక్టర్‌ను పనిచేయనివ్వని నిరోధకాలు ఒంట్లో ఉన్నాయేమో కూడా పరీక్షిస్తారు.

ప్లేట్‌లెట్లు తగ్గే జబ్బులో పెద్ద ఆపరేషన్లకు సాధారణంగా 50,000 పైన, మెదడు ఆపరేషన్లకు లక్ష పైన ఉండేలా చూస్తారు. స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నవారు ఆపరేషన్ వస్తోందని వాటిని హఠాత్తుగా మానకూడదు. రక్తపోటు పడిపోయే ప్రమాదం ఉంది.

"నడుముకు సూది ఇస్తే సరిపోదా? పూర్తి మత్తు ఎందుకు?" అని చాలామంది అడుగుతారు. రక్తం గడ్డకట్టని వారికి వెన్నులో సూది గుచ్చితే అక్కడ రక్తం చేరి, నరాలు నలిగి, కాళ్లు పడిపోవచ్చు. అలాంటి వారికి పూర్తి మత్తే మేలు.

ఆపరేషన్‌కు ముందు మీరు చేయవలసినవి

1. బేతంచెర్ల, బనగానపల్లె వైపు నుంచి పెద్ద ఆపరేషన్‌కు నంద్యాలకో, కర్నూలుకో వెళ్లవలసి రావచ్చు. బయలుదేరే ముందే అక్కడ మీ గ్రూపు రక్తం, ఫ్యాక్టర్, ఐ.సి.యు. ఉన్నాయో లేవో కనుక్కోండి. పలుమార్లు రక్తం ఎక్కించుకున్నవారికి సరిపడే రక్తం వెతకడానికి ఎక్కువ సమయం పడుతుంది.

2. పాత చీటీలు, రక్తపరీక్షల కాగితాలు, వాడుతున్న మందుల అట్టలు అన్నీ తీసుకెళ్లండి. హైడ్రాక్సీయూరియా వంటి మందును మీ అంతట మీరు ఆపవద్దు.

3. ఒళ్లు నొప్పులకని మెడికల్ షాపులో కొనే ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రల సంగతీ, పసరు మందుల సంగతీ చెప్పండి. ఇవి రక్తస్రావాన్ని పెంచవచ్చు.

4. మన ఊళ్లలో చాలామంది నాపరాళ్ల గనుల్లో, పాలిష్ ఫ్యాక్టరీల్లో పనిచేస్తారు. రాతి దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు బలహీనంగా ఉండవచ్చు. ఆయాసం, దగ్గు, బీడీ, చుట్ట అలవాటు ఏదీ దాచవద్దు.

5. పన్ను పీకినప్పుడు, కాన్పు సమయంలో రక్తం ఆగకుండా కారిందా? మేనమామకు గాని, అన్నదమ్ములకు గాని అలా జరిగిందా? ఇంతవరకు మీకు ఏ జబ్బూ అని తేల్చకపోయినా ఇది చెప్పండి.

6. పరగడుపు అంటే రాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టకపోవడం కాదు. మామూలుగా అన్నం, టిఫిను, పాలు ఆరు గంటల ముందు ఆపాలి. మంచినీళ్లు రెండు గంటల ముందు వరకు తాగవచ్చు. మీ డాక్టరు వేరుగా చెబితే అదే పాటించండి. సికిల్ సెల్ ఉన్నవారు, ముఖ్యంగా ఎండాకాలంలో, "నన్ను ముందు కేసుగా తీసుకోండి, ఆలస్యమైతే సెలైన్ పెట్టండి" అని అడగడానికి మొహమాటపడవద్దు.

7. థియేటరులో ఏ.సి. చలి ఎక్కువ. దుప్పటి అడగండి.

ఆపరేషన్ తరువాత

గండం గడిచిందని అనుకునేది ఇప్పుడే. కాని సికిల్ సెల్ ఉన్నవారికి మొదటి రెండు మూడు రోజులే కీలకం. కోసిన చోట నొప్పితో గట్టిగా ఊపిరి పీల్చకపోతే ఊపిరితిత్తుల అడుగు భాగం మూసుకుపోయి, ఛాతీలో కణాలు అడ్డుపడతాయి. కాబట్టి నొప్పిని పళ్లబిగువున ఓర్చుకోవడం గొప్ప కాదు. నర్సుకు చెప్పి మందు వేయించుకోండి. మూడు బంతులున్న ఊపిరి వ్యాయామ పరికరం ఇస్తే మెలకువగా ఉన్నప్పుడు గంటగంటకూ పీల్చండి. డాక్టరు చెప్పిన వెంటనే లేచి నడవండి.

ఇంటికి వచ్చాక జ్వరం, ఛాతీ నొప్పి, ఆయాసం, కళ్లు పచ్చబడడం, కట్టు రక్తంతో తడవడం, కడుపు ఉబ్బడం వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. ప్లీహం తీసినవారికి ఒక్క పూట జ్వరం కూడా ప్రాణం మీదికి తేవచ్చు.

అత్యవసరంగా ఆపరేషన్ చేయవలసి వస్తే?

అపెండిసైటిస్, కాన్పు, ప్రమాదం తేదీ చూసుకుని రావు. పైగా సికిల్ సెల్ నొప్పి కూడా కడుపులో వస్తే అపెండిసైటిస్‌లాగే కనిపిస్తుంది. జబ్బు సంగతి తెలియకపోతే అవసరం లేని ఆపరేషన్ జరగవచ్చు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వలేం గదా! అందుకే ఈరోజే ఒక గట్టి అట్టముక్క మీద ఈ వివరాలు రాసి, ఎప్పుడూ దగ్గర ఉంచుకోండి:

- మీ పేరు, జబ్బు పేరు, రక్తం గ్రూపు
- మామూలుగా ఉండే హిమోగ్లోబిన్, ఫ్యాక్టర్ లేదా ప్లేట్‌లెట్ల స్థాయి
- చివరిసారి రక్తం ఎక్కించిన తేదీ, అప్పుడు ఏదైనా పడకపోతే ఆ సంగతి
- రోజూ వాడే మందులు, పడని మందులు, వేయించుకున్న టీకాలు
- ఇంతకుముందు ఎప్పుడు మత్తు తీసుకున్నారు, ఇబ్బంది వచ్చిందా
- మీ డాక్టరు ఫోను నంబరు, ఇంటివారి ఫోను నంబరు

ఇంకొక అట్ట ఇంట్లో అందరికీ కనిపించే చోట పెట్టండి. మీకు స్పృహ లేనప్పుడు మీ తరఫున మాట్లాడేది ఆ అట్టే.